ఒక్కరే మిగిలినా ఉండగలిగే ఊరు

మా ఆయన వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఈ ఏడాదంతా మా ఇంట్లో ఒకటే చర్చ, కూకట్‌పల్లిలోనే ఉండిపోవాలా, ఖర్చు తక్కువయ్యే ఇంకో ఊరికి వెళ్ళాలా, వెళ్తే ఎక్కడికి. బంధువులూ, అపార్ట్‌మెంట్ వాళ్ళూ, ఆయన ఆఫీసు వాళ్ళూ అందరూ సలహాలు చెప్పారు. అందరూ మొదలుపెట్టేది అద్దె ఎంత, గజం ఎంత అన్నదగ్గరే. నాకు మాత్రం అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది అనిపిస్తుంది. మా ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళు ఆ ఊళ్ళో ఒంటరిగా బతకగలరా? దీనికి అవునని చెప్పగలిగితేనే ఆ ఊరి అద్దెల గురించి అడగాలి.

ఇలాంటి మాట అశుభం అని మా ఆయన చాలా రోజులు ఈ చర్చే ఒప్పుకోలేదు. కానీ చుట్టూ చూడండి. మన ఇళ్ళల్లో భార్య భర్తకంటే నాలుగైదేళ్ళు చిన్నది, ఆడవాళ్ళ సగటు ఆయుష్షు కూడా మగవాళ్ళకంటే కాస్త ఎక్కువే, కాబట్టి చివర్లో ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఊరు ఎంచేటప్పుడు మాత్రం "సొంతూరు వెళ్ళిపోదాం" అంటారు, ఆ సొంతూరు ఎప్పుడూ మగాయన సొంతూరే. పెళ్ళయిన కొత్తలో నాలుగు పండగలకి తప్ప ఆమె అక్కడ ఉండి ఎరగదు. ఆయన పోయాక ఆ ఊళ్ళో, ఆ పెద్ద ఇంట్లో, బండి నడపడం రాని అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్కతే ఏం చేస్తుందో ఎవరూ అడగరు. పిల్లలు వచ్చి తీసుకెళ్తారు, ఆమె వాళ్ళ ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటుంది. అది తప్పని నేను అనను గానీ, అది ఆమె కోరుకున్నదై ఉండాలి, వేరే దారి లేక జరిగింది కాకూడదు.

ముందు మా లెక్క చెప్తాను. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసి మానేశాను. ప్రభుత్వ పెన్షన్ లేదు. పీఎఫ్‌లో భాగంగా వచ్చే ఈపీఎస్ పెన్షన్ ఆయనకి యాభై ఎనిమిది నిండినప్పటి నుంచి వస్తోంది, నాలుగు వేల చిల్లర. ఇన్నేళ్ళు పనిచేస్తే అంతేనా అని చాలామంది ఆశ్చర్యపోతారు, కానీ దాన్ని లెక్క కట్టేది మన అసలు జీతం మీద కాదు, నెల జీతానికి ప్రభుత్వం పెట్టిన సీలింగ్ మీద, అది 2014 సెప్టెంబరు దాకా 6,500, ఆ తర్వాత 15,000. ఇంకో సంగతి చాలామంది భార్యలకి తెలియదు: ఆయన పోతే ఆ పెన్షన్‌లో ఆమెకి వచ్చేది సగమే. అంటే నాకు మిగిలేది రెండు వేల పైచిలుకు.

అందుకని మా అసలు ఆధారం రెండు. ఒకటి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్, పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉంటుంది, ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, 2023 నుంచి ఒక్కరి పేరు మీద 30 లక్షల దాకా వేసుకోనిస్తున్నారు. పూర్తిగా వేస్తే మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకి ఇరవై వేల ఐదు వందలు. మనం వేసిన రోజున ఉన్న వడ్డీయే ఐదేళ్ళూ నడుస్తుంది, తర్వాత పొడిగించుకుంటే అప్పటి రేటు. జాయింటుగా తెరిచినా, భార్యే ఏకైక నామినీ అయినా ఆయన తర్వాత గడువు దాకా ఆ ఖాతాని ఆమె కొనసాగించుకోవచ్చు. దయచేసి ఆ కాగితం మీద ఎవరి పేరు ఉందో ఇవాళే చూసుకోండి. రెండోది మా ఫ్లాటు. మేం వేరే ఊరికి వెళ్తే దీన్ని అద్దెకి ఇస్తాం, మా బ్లాకులో ఇప్పుడు ఇరవై రెండు వేలు పలుకుతోంది.

ఈ రెండూ కలిపి నెలకి నలభై రెండు వేల ఐదు వందలు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఖర్చు, మెయింటెనెన్స్, నీళ్ళ ట్యాంకర్లకి వేసవిలో కట్టే అదనం, క్యాబులు, మందులు అన్నీ కలిపి యాభై దాటుతోంది, పైగా మేం ఇక్కడే ఉంటే ఆ అద్దె రాదు. కాబట్టి ఊరు మారడం మాకు సరదా కాదు, అవసరం. అద్దె వచ్చే ఆ ఫ్లాటుని మాత్రం ఎవరు చెప్పినా అమ్మం. అమ్మి చిన్న ఊళ్ళో ఇండిపెండెంట్ ఇల్లు కొనుక్కోమని చెప్పినవాళ్ళు ఎక్కువమందే. అలా చేస్తే ఆ ఊరు సరిపడకపోతే తిరిగొచ్చే దారి ఉండదు, హైదరాబాద్‌లో అదే ఫ్లాటు మళ్ళీ ఆ డబ్బుకి దొరకదు.

ఇక సొంతూరు సంగతి. మా ఆయనది కనిగిరి దగ్గర పల్లె. ఇల్లుంది, అద్దె లేదు, కూరగాయలు చవక, పాలు చవక, పేరు పెట్టి పిలిచే మనుషులు ఉన్నారు. ఖర్చు చూస్తే దాన్ని మించింది లేదు. ఆయనకి ఆ ఊరంటే ఎంత ప్రేమో నాకు తెలుసు, అందుకే ఈ పేరా రాయడం నాకు కష్టంగా ఉంది. కానీ ఆ ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, నల్గొండలో మునుగోడు, మర్రిగూడ వైపు ఎలాంటి బాధలు పడ్డారో అలాంటివే అక్కడా ఉన్నాయి. ముసలితనంలో ఎముకలు అసలే గట్టిగా ఉండవు, తాగేది క్యాన్ నీళ్ళయినా వంటకి ఏం వాడుతున్నామో చూసుకోవాలి. మా వీధిలో చాలా ఇళ్ళకి తాళాలు, మనుషులంతా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనుల్లో ఉన్నారు, పండక్కి వస్తారు. పెద్ద ఆసుపత్రి అంటే ఒంగోలు వెళ్ళాలి, తొంభై కిలోమీటర్లు. ఆయన ఉన్నంతకాలం బండి మీద కనిగిరి తీసుకెళ్తారు. తర్వాత?

ఈ ఆసుపత్రి దూరం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఊళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు ఎక్కడికెళ్ళినా నేను ముందు అడిగింది అదే. మంచి ఆసుపత్రి ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెప్తారు. రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీసే చోటు ఎంత దూరం, గుండెకి స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ ఎక్కడుంది, అని అడగండి. పక్షవాతం వచ్చినప్పుడు రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూశాకే. ఇంట్లో గమనించేసరికే గంట పోతుంది, 108 వచ్చేసరికి ఇంకొంత. ఒక్కరే ఉంటే గమనించేవాళ్ళు కూడా ఉండరు. అందుకే నా వరకు గంట లోపు దూరంలో ఇవి లేని ఊరు ఎంత చవకైనా లెక్కలోకి రాదు. రెండు నెలలకోసారి చెకప్ కోసం హైదరాబాద్ రావాల్సి వస్తే కారు కిరాయి, ఉండటానికి ఖర్చు, తోడు వచ్చేవాళ్ళ సెలవు, ఇవన్నీ కలిపితే అద్దెలో మిగిలింది అక్కడే పోతుంది.

ఇన్సూరెన్స్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ రిటైరవకముందే తీసుకోండి, ఎందుకంటే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఇప్పుడు నిబంధన ప్రకారం అది మూడేళ్ళకి మించకూడదు, కానీ మూడేళ్ళంటే తక్కువా? అరవై ఐదు దాటితే కొత్త పాలసీ ఇవ్వరని ఇంకా కొందరు చెప్తున్నారు, ఆ వయసు పరిమితి 2024లో తీసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఊరు మారేవాళ్ళు ప్రత్యేకంగా చూడాల్సింది జోన్. కొన్ని కంపెనీలు చిన్న ఊళ్ళ వాళ్ళకి ప్రీమియం తగ్గిస్తాయి, కానీ పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలని లోపల రాసి ఉంటుంది. హనుమకొండ అడ్రస్‌తో పాలసీ తీసుకుని హైదరాబాద్‌లో ఆపరేషన్ అయితే ఏంటి పరిస్థితి అని ముందే రాతపూర్వకంగా అడగండి. డెబ్భై నిండాక ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి ఐదు లక్షల దాకా. 2024 అక్టోబరులో మొదలైంది. అంటే మాకు ఇంకా పదేళ్ళు పైనే ఉంది, ఆ పదేళ్ళూ మన పాలసీయే దిక్కు.

ఊళ్ళ విషయానికి వస్తే, వికారాబాద్ మొదట బాగా నచ్చింది. అనంతగిరి గాలి గొప్పది, ఒకప్పుడు క్షయ రోగుల ఆసుపత్రి అక్కడ పెట్టారంటేనే తెలుస్తుంది. రైలుంది, సిటీకి డెబ్భై ఐదు కిలోమీటర్లే. అయితే మాకు చూపించినవన్నీ ఊళ్ళో ఇళ్ళు కాదు, ఊరవతల ఫామ్ ప్లాట్లు, గుంటల లెక్కన అమ్మేవి. పక్కన మనిషి ఉండడు, కిరాణా కొట్టు ఉండదు, చాలావాటికి లేఅవుట్ అనుమతి కూడా లేదు. శని ఆదివారాలు గడపడానికి కొనుక్కునే చోటులో ఒంటరిగా ముసలితనం గడపడం కుదరదు.

మదనపల్లె మా అమ్మాయి ఎంపిక, తను బెంగళూరులో ఉంటుంది కాబట్టి. అక్కడా గాలి కథే, ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్ళకి పైగా పేరున్నది. ఎండాకాలం మనకంటే చల్లగా ఉంటుంది, టమాటా మార్కెట్ ఊళ్ళోనే. కానీ పెద్ద జబ్బంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో, వేలూరుకో, బెంగళూరుకో పోవాలి, రైల్వే స్టేషన్ ఊరికి దూరంగా ఎక్కడో ఉంది. అమ్మాయి బెంగళూరులోనే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు, పిల్లల ఉద్యోగాన్ని బట్టి మన ఊరు ఎంచుకుంటే వాళ్ళు మారినప్పుడు మనం ఏం చేస్తాం?

కాకినాడని పెన్షనర్ల ఊరని ఊరికే అనరు. వీధులు తిన్నగా, నడవడానికి వీలుగా ఉంటాయి, రంగరాయ మెడికల్ కాలేజీ, ప్రభుత్వ ఆసుపత్రి ఊరి మధ్యలో, తిండికి లోటు లేదు, సముద్రం ఉంది. అక్కడ ఏ చావడిలో చూసినా రిటైరైనవాళ్ళే కనబడతారు. నాకు నిజంగా మనసు లాగింది. రెండు ఇబ్బందులు: ఉక్కపోత, ఏసీ లేకుండా నాకు నిద్ర పట్టదు, ఆ కరెంటు బిల్లు వేసుకోవాలి; రెండోది హైదరాబాద్‌కి రాత్రంతా ప్రయాణం. రైళ్ళలో సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చిలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. గోదావరి జిల్లాల్లో మీ మనుషులుంటే మాత్రం నేను చెప్పేది కాకినాడే.

సిద్దిపేట శుభ్రంగా ఉంది, కోమటి చెరువు చుట్టూ సాయంత్రం నడక హాయి, మెడికల్ కాలేజీ ఉంది, 2023 అక్టోబరు నుంచి సికింద్రాబాద్‌కి రైలు కూడా ఉంది. మాకు అక్కడ ఒక్కరూ తెలియదు. ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టాం. కోయంబత్తూరులో సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు చాలా ఉన్నాయి, అవీ కనుక్కున్నాం, డిపాజిట్ మా శక్తికి మించింది, పైగా తెలుగు వినబడని చోట మిగిలిన ఒక్కరూ ఎవరితో మాట్లాడతారు.

చివరికి నా మనసు హనుమకొండ మీద నిలిచింది. కారణం మా అక్క.

మా అక్క తెనాలి పిల్లే. బావ ఖాజీపేటలో రైల్వే ఉద్యోగం, రిటైరయ్యాక హనుమకొండలో ఇల్లు కట్టుకున్నారు. బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్కకిప్పుడు డెబ్భై దాటాయి, ఒక్కతే ఉంటుంది, ఎవరు రమ్మన్నా వెళ్ళదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె రోజు ఎలా గడుస్తుందో చూస్తుంటాను. ఇల్లు కింది అంతస్తులోనే, మెట్లు లేవు. కిరాణా కొట్టు వీధి చివర, మందుల షాపు దాని పక్కన, బీపీ మాత్రలు అయిపోయే తారీఖు ఆ షాపు కుర్రాడికే గుర్తు. తెల్లారి వేయి స్తంభాల గుడికి నలుగురు ఆడవాళ్ళతో కలిసి వెళ్తుంది, రెండు రోజులు కనబడకపోతే ఆ నలుగురూ గుమ్మంలో ఉంటారు. సద్దుల బతుకమ్మ రోజున తంగేడు, గునుగు పేర్చడంలో ఇప్పుడు ఆమె ఆ వీధిలో అందరికీ పెద్ద. ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆధార్ పట్టుకుని బస్సెక్కేస్తుంది, ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చిన 2023 డిసెంబరు నుంచి హైదరాబాద్ మా ఇంటికి రావడం కూడా ఎక్స్‌ప్రెస్‌లో ఉచితంగానే. ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు 15 నుంచి అలాంటి పథకమే ఉంది. కొందరు ఈ ఉచితాన్ని తప్పు పడతారు, అక్క లాంటి మనిషికి అది ఎవర్నీ చేయి చాచి అడగకుండా కదలగలిగే స్వేచ్ఛ.

అక్కకి ఉన్నవి కొన్ని నాకు లేవు. రైల్వే ఫ్యామిలీ పెన్షన్, రైల్వే ఆసుపత్రి కార్డు, సొంతిల్లు. అవి తీసేసినా మిగతావి నాకూ దొరుకుతాయి, ముఖ్యంగా అక్క. ఊరి సంగతి చూస్తే పక్కనే వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులు చాలా ఉన్నాయి, ఇంకా పెద్దది కావాలంటే అదే రోడ్డు మీద, అదే రైలు దారిలో బీబీనగర్ ఎయిమ్స్, అది దాటితే హైదరాబాద్. మొత్తం నూట నలభై ఐదు కిలోమీటర్లు. ఖాజీపేట జంక్షన్ కాబట్టి అటు విజయవాడకైనా, ఇటు సికింద్రాబాద్‌కైనా రైలుకి ఢోకా లేదు. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు మాకు పదకొండు వేలకి చెప్పారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎండ మాటల్లో చెప్పలేం, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఆ ఊళ్ళో ఊరికే అనిపించదు. వానాకాలంలో నాలాల పక్క కాలనీలు మునుగుతాయి, హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఎన్నిసార్లు చూడలేదు టీవీలో. అందుకని ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్ని కాకుండా పక్కింటివాళ్ళని అడిగాను, 2023 జూలైలో మీ గుమ్మం దాకా నీళ్ళొచ్చాయా అని. అద్దె తగ్గించి చెప్పిన ఒక ఇంటి పక్కావిడ నోటితో ఏమీ అనలేదు, గోడ మీద నీటి గుర్తు చూపించింది.

ఇంట్లో ఒప్పందం ఏంటంటే ఏప్రిల్ ఒకటి నుంచి పదకొండు నెలలు అద్దెకి ఉంటాం. ఏప్రిల్ ఎందుకంటే ఎండాకాలం తట్టుకోగలమో లేదో మొదటి రెండు నెలల్లోనే తెలిసిపోతుంది, ఆ వెంటనే వానలు. పదకొండు నెలలూ గడిచాక ఇద్దరం సరే అంటేనే ఆధార్, ఓటు, గ్యాస్ మార్చుకోవడం. ఈపీఎస్ పెన్షన్ కోసం తిరగాల్సిన పని లేదు, 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు, ఏడాదికోసారి ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు, అది ఎలా చేయాలో నేను కూడా నేర్చుకున్నాను.

మా ఆయన పెట్టిన షరతు ఒక్కటే, సంక్రాంతికి పది రోజులు కనిగిరి వెళ్ళాలి, ఆ ఇల్లు పడిపోకుండా చూసుకోవాలి. దానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. నా షరతులు కింది అంతస్తు, అక్క ఇంటికి నడిచి వెళ్ళే దూరం, బ్యాంకు పనులూ ఇన్సూరెన్స్ పనులూ ఇకనుంచి ఇద్దరం చేయడం. మొన్న ఒక ఇల్లు దాదాపు కుదిరింది. రెండు నెలల అడ్వాన్స్ అడిగారు. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు రాడ్లు వేయించుకుంటానంటే ఇంటావిడ ఒప్పుకుంది, ఖర్చు మాదే.